కార్డు హాజరు.. పిల్లాడు గైర్హాజరు!

* గీతల యంత్రం చదివేది కార్డునే, బిడ్డను కాదు
* 75 శాతం లెక్కలో పొరపాటు జరిగితే నష్టపోయేది తల్లి
* తలుపు తాళం యంత్రానికి వదిలేస్తే తుపాను వేళ తిప్పలు

నెల్లూరు: రాష్ట్రంలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. అదే నెల 14వ తేదీ అర్ధరాత్రితో 61 రోజుల సముద్ర వేట నిషేధం ముగుస్తుంది. కావలి మండలం తుమ్మలపెంట, బోగోలు మండలం జువ్వలదిన్నె, అల్లూరు మండలం ఇస్కపల్లి, ఇందుకూరుపేట మండలం మైపాడు, ముత్తుకూరు మండలం కృష్ణపట్నం.. తీరం పొడవునా ఉన్న పట్టపుపాళేల్లో బడి, వేట ఒకే వారంలో మొదలవుతాయి. ఆ వారంలో ఏ పిల్లవాడు తరగతిలో కూర్చున్నాడు, ఏ పిల్లవాడు ఒడ్డున వలల దగ్గర ఉండిపోయాడు అన్న ప్రశ్నకు సమాధానం చెప్పేది హాజరు పట్టీ ఒక్కటే.

ఆ పట్టీ స్థానంలోకి యంత్రాలు రావాలన్న మాట చాలాకాలంగా వినిపిస్తోంది. వేలిముద్ర వచ్చింది, ముఖ గుర్తింపు వచ్చింది. వీటికంటే చౌకగా, తేలికగా దొరికే మార్గంగా గుర్తింపు కార్డు మీద బార్‌కోడ్ ముద్రించి, గేటు దగ్గర గానీ తరగతి గుమ్మంలో గానీ యంత్రంతో చదివించే పద్ధతి ప్రచారంలో ఉంది. కార్డు చూపితే హాజరు పడుతుంది, అదే కార్డుతో తలుపూ తెరుచుకుంటుంది. చూడటానికి ముచ్చటగానే ఉన్నా, తీర ప్రాంత బడికి ఇది ఎంతవరకు అక్కరకొస్తుందన్నది ఆలోచించవలసిన విషయం. హాజరు ఇప్పుడు కేవలం క్రమశిక్షణకు సంబంధించిన అంశం కాదు. తల్లి ఖాతాలో పడే సొమ్ము, మధ్యాహ్నం వండే బియ్యం, కోడిగుడ్ల లెక్క దానితోనే ముడిపడి ఉన్నాయి.

పట్టీ నుంచి ఫోను దాకా

మన రాష్ట్రంలో హాజరు యంత్రాల కథ కొత్తది కాదు. 2010 దశకం రెండో భాగంలో ‘ఈ-హాజర్’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల్లో వేలిముద్రల పరికరాలు ప్రవేశించాయి. వేలిముద్రల విధానం లోటుపాట్లు తీరవాసులకు చౌకదుకాణాల వద్దే తెలిసివచ్చాయి. వల లాగిన చేతులకు, రొయ్యలు ఒలిచిన వేళ్లకు గీతలు అరిగిపోయి, ఈ-పోస్ యంత్రం గుర్తించక వెనుదిరిగిన వారు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు.

తర్వాత ముఖ గుర్తింపు వంతు వచ్చింది. 2022 ఆగస్టు 16 నుంచి ఉపాధ్యాయులు ఫోను యాప్‌లో ముఖం చూపి హాజరు వేసుకోవాలని పాఠశాల విద్యాశాఖ ఆదేశించింది. ఉదయం 9 గంటల్లోపు నమోదు కావాలన్న నిబంధన, సొంత ఫోన్లలో ప్రభుత్వ యాప్ వేసుకోవాలన్న షరతు ఉపాధ్యాయ సంఘాలకు రుచించలేదు. నెట్‌వర్క్ అందని ఊళ్లలో పనిచేసేవారు తమ గతేమిటని ప్రశ్నించారు. చర్చల అనంతరం అలవాటు పడేందుకు 15 రోజుల గడువు లభించింది. 2023 జనవరి 1 నుంచి ఇదే విధానాన్ని ఇతర శాఖల ఉద్యోగులకూ విస్తరించారు. పొరుగున తెలంగాణలో 2023లో ప్రభుత్వ బడుల విద్యార్థులకే ముఖ గుర్తింపు హాజరు ప్రవేశపెట్టారు. ఏపీలో 2025లో వేర్వేరు యాప్‌లను కలిపి ‘లీప్’ పేరుతో ఒకే యాప్‌గా తీర్చారు.

ప్రతి విడతలోనూ పరికరం మారింది తప్ప చర్చ మారలేదు. యంత్రం పనిచేస్తుందా లేదా అన్న దగ్గరే అది ఆగిపోతోంది. యంత్రం నమోదు చేసినదాన్ని ఎవరు చూస్తారు, చూసి ఏం చేస్తారు అన్న ప్రశ్న మరుగున పడుతోంది.

గీతలు చెప్పేది ఒక సంఖ్యే

బార్‌కోడ్ అంటే నల్లగీతలు, వాటి నడుమ తెల్లని సందులు. వాటి వెడల్పుల వరుసలో ఒక సంఖ్య దాగి ఉంటుంది. యంత్రం వెలుగును ప్రసరింపజేసినప్పుడు తెలుపు దానిని వెనక్కి పంపుతుంది, నలుపు మింగేస్తుంది. ఆ తేడాను యంత్రం అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు అందిస్తుంది. కంప్యూటర్ దృష్టిలో అది ఎవరో కీబోర్డు మీద అంకెలు కొట్టి ఎంటర్ నొక్కినట్లే. కంప్యూటర్ ఆ అంకెల పక్కన తేదీ, సమయం చేర్చి దాచుకుంటుంది. ఇందులో మాయ ఏమీ లేదు. అందుకే పరికరం కొన్ని వేల రూపాయలకే దొరుకుతోంది. ప్రత్యేక శిక్షణా అవసరం లేదు.

ఈ పరికరం పుట్టింది సరుకును లెక్కపెట్టడానికి. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక దుకాణంలో చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను మొదటిసారి ఈ గీతల ద్వారా అమ్మారు. ఇప్పుడు టీ దుకాణాల్లోనూ కనిపించే చతురస్రపు క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌కు చెందిన డెన్సో సంస్థ మోటారు విడిభాగాల లెక్క కోసం రూపొందించింది. సరుకుకు, విద్యార్థికి ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. సబ్బు పెట్టె తన చీటీని పక్క పెట్టెకు ఇవ్వదు. విద్యార్థి తన కార్డును స్నేహితుడి చేతికి ఇవ్వగలడు.

అంకెల చివర ఉండే తనిఖీ అంకె యంత్రం తప్పుగా చదవకుండా చూస్తుందే గాని, కార్డు ఎవరి చేతిలో ఉందో చూడదు. కార్డును జిరాక్స్ తీసినా అంకెలు అవే. కెమెరా తరహా యంత్రమైతే ఫోను తెరపై ఉన్న ఫొటోను సైతం చదివేస్తుంది. ఒకడు నలుగురి కార్డులు జేబులో వేసుకుని వస్తే నలుగురూ వచ్చినట్లే. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్లు యంత్రం ఇచ్చిన సంఖ్యను ఇచ్చినట్లు నమోదు చేస్తుంది.

మరి ఇంటర్ పబ్లిక్ పరీక్షల్లో ఇవే గీతలపై ఎలా ఆధారపడుతున్నారన్న అనుమానం రావచ్చు. అక్కడ హాలులో ఇన్విజిలేటర్ ముందుగా హాల్‌టికెట్‌లోని ఫొటోను, విద్యార్థి ముఖాన్ని పోల్చి చూసి సంతకం చేస్తాడు. బార్‌కోడ్ పని ఆ తర్వాత మొదలవుతుంది. జవాబు పత్రం ఎవరిదో మూల్యాంకనం చేసేవారికి తెలియకుండా ఉంచడం, మార్కులను తిరిగి ఆ విద్యార్థికే చేర్చడం దాని బాధ్యత. అక్కడ సాక్ష్యం మనిషిది, లెక్క యంత్రానిది. బడి గేటు వద్ద మనిషిని తొలగించి యంత్రాన్ని నిలబెడితే సాక్ష్యమే ఉండదు.

సమయం మిగిలేది ఎక్కడ?

హాజరు పిలవడానికి బోధన సమయం వృథా అవుతోందని, కార్డులతో అది మిగులుతుందని చెబుతుంటారు. చిన్న లెక్క వేసి చూద్దాం. 600 మంది చదివే ఉన్నత పాఠశాలలో గేటు వద్ద ఒకే యంత్రం ఉందనుకుందాం. కార్డు తీసి, చూపి, ముందుకు కదలడానికి ఒక్కొక్కరికి 4 సెకన్లు చాలనుకున్నా 2,400 సెకన్లు, అంటే 40 నిమిషాలు పడుతుంది. నాలుగు యంత్రాలు పెడితే 10 నిమిషాలు. జిల్లాలో వానలు ఎక్కువగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలో. ఆ నెలల్లో ఆ వరుస నిలబడేది వానలోనే.

తరగతిలో ఉపాధ్యాయుడు 40 మంది పేర్లు పిలవడానికి ఒక్కొక్కరికి 3 సెకన్ల చొప్పున 2 నిమిషాలు పడుతుంది. పైగా అన్ని తరగతుల్లో ఆ పని ఏకకాలంలో జరిగిపోతుంది. గేటు దగ్గర మాత్రం ఒకరి వెనుక ఒకరు నిలబడాలి. యంత్రాన్ని తరగతి గుమ్మానికి మార్చినా పట్టేది దాదాపు ఆ 2 నిమిషాలే.

అయితే యంత్రం వల్ల ప్రయోజనం లేదనలేం. అసలు శ్రమ పేర్లు పిలవడంలో లేదు, ఆ తర్వాతి రాతకోతల్లో ఉంది. పట్టీలో గీసిన గుర్తును యాప్‌లోకి ఎక్కించడం, మధ్యాహ్న భోజనానికి ఎంతమందో తేల్చడం, నెలాఖరున ఒక్కో విద్యార్థి రోజులు కూడి శాతం కట్టడం, పై కార్యాలయం అడిగిన నమూనాలో మళ్లీ రాయడం.. ఒకే సమాచారాన్ని పలుమార్లు రాసే ఈ భారాన్ని యంత్రం నిజంగానే తగ్గించగలదు. హాజరు ఒకసారి నమోదైతే మిగిలిన లెక్కలన్నీ దాని నుంచే రావాలి. యంత్రం పెట్టిన తర్వాత కూడా పట్టీ విడిగా, యాప్ విడిగా, నివేదిక విడిగా కొనసాగితే ఉపాధ్యాయుడికి మిగిలేది మరో పని మాత్రమే.

యంత్రం నిఘా.. మనిషి మినహాయింపు

యంత్రంతో హాజరు మెరుగుపడుతుందా అన్నదానికి రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ప్రాంతం రెండు భిన్నమైన జవాబులు ఇచ్చింది. 2003లో అక్కడ సేవామందిర్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఏకోపాధ్యాయ కేంద్రాల్లో కెమెరాలు ఇచ్చారు. ఉదయం, సాయంత్రం పిల్లలతో కలిసి ఫొటో దిగాలి, వచ్చిన రోజులను బట్టే జీతం. ఎస్తేర్ డఫ్లో తదితర ఆర్థికవేత్తలు దీన్ని అధ్యయనం చేసి 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఉపాధ్యాయుల గైర్హాజరు 42 శాతం నుంచి 21 శాతానికి తగ్గింది. పిల్లల చదువూ మెరుగుపడింది.

అదే ప్రాంతంలో ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రాల నర్సులకు సమయం ముద్రించే యంత్రాలు ఇచ్చినప్పుడు మొదటి నెలల్లో హాజరు పెరిగింది. కొంతకాలానికి స్థానిక అధికారులు ‘మినహాయింపు దినాలు’ మంజూరు చేస్తూ పోవడంతో దాదాపు 16 నెలల్లో ప్రయోజనం పూర్తిగా ఆవిరైంది. యంత్రాలు రెండు చోట్లా ఉన్నాయి. ఒకచోట దాని మాటను పైవారు పట్టించుకున్నారు, మరోచోట పక్కన పెట్టారు. ఫలితాలు వేరు కావడానికి కారణం అదే.

ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖలో సంబంధం లేని ఫొటోలు పెట్టడం, ఫొటోకే మళ్లీ ఫొటో తీసి పెట్టడం వంటి అక్రమాలను ఏకరువు పెట్టింది. అధికారులు ఆ ఫొటోలను స్వయంగా సరిచూడాలని ఆదేశించింది. యంత్రంపై నిఘాకు చివరకు మనిషినే నియమించవలసి వచ్చిందన్నమాట.

75 శాతం గీత మీద

తీరంలోని కుటుంబాలకు ఈ చర్చ దూరపు వ్యవహారం కాదు. 2020 జనవరి 9న ప్రారంభమైన అమ్మఒడి పథకంలో బిడ్డను బడికి పంపే తల్లికి ఏటా రూ.15 వేలు ప్రకటించారు. 2022 జూన్ చెల్లింపుల నాటికి 75 శాతం హాజరు నిబంధన గట్టిగా అమలులోకి వచ్చింది. ప్రభుత్వం మారాక వచ్చిన తల్లికి వందనం పథకానికీ 2024 జులై నాటి ఉత్తర్వులో 75 శాతం నిబంధన చోటు చేసుకుంది. 2025 జూన్‌లో ఒక్కో విద్యార్థి పేరిట కేటాయించిన రూ.15 వేలలో రూ.13 వేలు తల్లుల ఖాతాలకు, మిగిలిన రూ.2 వేలు పాఠశాల నిర్వహణకు మళ్లాయి. ఇద్దరు పిల్లలున్న ఇంటికి అది రూ.26 వేలు. వేట లేని రెండు నెలల్లో పడవ మీద పనిచేసే కుటుంబానికి ఆ సొమ్ము ఎంత ఆసరానో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ శాతం ఎంత సున్నితమైనదో చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలి. అందులో 75 శాతం 165 రోజులు. ఒక బాలిక నిజంగా 176 రోజులు బడికి వచ్చిందనుకుంటే ఆమె హాజరు 80 శాతం. కార్డు ఇంట్లో మరచిపోవడం, ఉప్పునీటిలో తడిసి గీతలు చెరిగిపోవడం, కరెంటు పోవడం, నెట్ అందకపోవడం వంటి కారణాలతో 12 రోజులు నమోదు కాలేదనుకుందాం. లెక్కలో మిగిలేది 164 రోజులు. శాతం 75కు దిగువకు పడిపోతుంది. నెలకు ఒక రోజు కంటే కాస్త ఎక్కువ పొరపాటు చాలు, అర్హురాలైన తల్లి అనర్హుల జాబితాలో చేరడానికి.

పట్టీలో పొరపాటు జరిగితే తల్లి వెళ్లి ఉపాధ్యాయుడిని అడగగలదు. ‘సార్, మా పాప ఆ రోజు వచ్చింది గదా’ అంటే పక్కనున్న పిల్లలూ సాక్ష్యం చెబుతారు. యంత్రంలో పొరపాటు జరిగితే ‘సిస్టంలో అలా ఉందమ్మా, మా చేతుల్లో లేదు’ అన్న జవాబే వస్తుంది. చౌకదుకాణంలో, పింఛను వద్ద, సచివాలయంలో ఈ మాటను పేదలు వింటూనే ఉన్నారు. బడిలోనూ అదే వినవలసి వస్తే అంతకంటే అన్యాయం ఉండదు.

గైర్హాజరుకు కారణం కార్డులో ఉండదు

తీరంలో పిల్లలు బడి మానడానికి కారణాలు అనేకం. వేట బాగా సాగే రోజుల్లో ఒడ్డున చేపలు వేరుచేయడానికి, వలల చిక్కులు తీయడానికి పెద్ద పిల్లల సాయం కావాలి. తల్లి చేపల గంపతో అమ్మకానికి వెళితే చంటిబిడ్డను చూసుకునేది ఆడపిల్లే. రొయ్యల గుంటల దగ్గర కాపలాకు కుదిరిన యానాది కుటుంబాలు గట్టు మీదే గుడిసె వేసుకుని పంట పూర్తయ్యేవరకు ఉంటాయి. గుంట మారితే ఊరు మారుతుంది, పిల్లవాడి బడీ మారుతుంది లేదా ఆగుతుంది. రాష్ట్రంలో యానాదులు అధికంగా ఉన్న ప్రాంతం నెల్లూరు సీమే అన్న సంగతి తెలిసిందే.

ఇలాంటి బిడ్డ పేరు ఎదుట యంత్రం పెట్టేది ఖాళీ గడి. ఆ గడి జ్వరం వచ్చిన పిల్లవాడిని, పెళ్లికి వెళ్లిన పిల్లవాడిని, గుంట గట్టుకు తరలిపోయిన పిల్లవాడిని ఒకే తీరున చూపుతుంది. వాళ్లను వేరుచేసి చూడగలిగేది తరగతి ఉపాధ్యాయుడు. ‘నీ పక్కన కూర్చునేవాడు ఏడిరా?’ అని అడిగితే పిల్లలే చెప్పేస్తారు. పేరు పిలిచే ఆ 2 నిమిషాల్లో జరిగేది కేవలం లెక్క కాదు, వాకబు. పిలుపు మానేసి కార్డుకు వదిలేస్తే ఆ వాకబు కూడా మానేసినట్లవుతుంది.

చట్టం సైతం ఇదే చెబుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను పేర్కొంటూ, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, అభ్యసన ప్రగతిని వారికి తెలియజేయాలని నిర్దేశించింది. హాజరు నమోదుతో విధి తీరిపోదు, దాన్ని ఇంటివారితో మాట్లాడాలన్నది చట్టం ఉద్దేశం. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో సంక్షేమ విద్యా సహాయకులను నియమించిన కారణాల్లోనూ ఇదొకటి. యంత్రం ఇచ్చే జాబితా వారి చేతికి చేరి, వారి కాళ్లు పాళెం వైపు నడిచినప్పుడే దానికి విలువ.

తలుపు తాళం ఎవరి చేతిలో?

హాజరుతో పాటు ప్రవేశాన్నీ కార్డుకు ముడిపెట్టడం మరింత జాగ్రత్త కోరే విషయం. ఈ తలుపులకు సాధారణంగా రెండు తరహాల తాళాలు ఉంటాయి. ఒక తరహాలో విద్యుత్తు ఉన్నంతసేపు అయస్కాంతం తలుపును పట్టి ఉంచుతుంది, కరెంటు పోతే తలుపు వదులవుతుంది. రెండో తరహాలో కరెంటు పోతే తలుపు బిగుసుకునే ఉంటుంది. మొదటిది దొంగకు అనుకూలం, రెండోది లోపలున్నవారికి ప్రమాదకరం. పిల్లలుండే గదికి రెండో తరహా తాళం ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు.

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాలలో మంటలు చెలరేగి 94 మంది చిన్నారులు సజీవదహనమయ్యారు. పూరికప్పు, ఇరుకు మెట్లు, బయటపడే దారి లేకపోవడం ఆ ఘోరానికి కారణాలు. దాని నేపథ్యంలో దాఖలైన వ్యాజ్యంలో 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సురక్షితమైన పాఠశాల బాలల హక్కులో భాగమని స్పష్టం చేసి, అగ్నిమాపక ఏర్పాట్లు, భవన భద్రతపై ఆదేశాలిచ్చింది. లోపలి నుంచి కార్డు లేకుండా, తాళం లేకుండా, ఒక్క తోపుతో తెరుచుకోని తలుపు బడిలో ఉండకూడదన్నది ఆ విషాదం నేర్పిన పాఠం.

తీరానికి ఇంకో ప్రత్యేకత ఉంది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే పాళెం జనాన్ని తరలించేది బడి భవనానికే. 2021 నవంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను సమయంలో జిల్లా ప్రజలు కరెంటు లేని రాత్రులు చూశారు. అర్ధరాత్రి పిల్లాపాపలతో వచ్చినవారికి బడి తలుపు కార్డు అడగకూడదు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప గేటు కీలే రెండేళ్లు నిలవని చోట సున్నితమైన తాళపు యంత్రం ఎన్నాళ్లు పనిచేస్తుందన్నదీ ఆలోచించాలి.

కంప్యూటర్ గది, పరీక్ష పత్రాలు దాచే గది, రికార్డుల గది వంటి వాటికి కార్డు తాళం సముచితమే. ఎవరు ఎప్పుడు తెరిచారో తెలుస్తుంది. అప్పుడు కూడా మామూలు తాళంచెవి ప్రధానోపాధ్యాయుడితో పాటు మరొకరి వద్ద ఉండాలి.

పిల్లల వివరాలు ఎవరి సొత్తు?

కార్డు గురించి అమెరికాలో జరిగిన గొడవ ఇక్కడ ప్రస్తావించదగినది. టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలోని నార్త్‌సైడ్ పాఠశాలల యంత్రాంగం 2012లో రెండు బడుల్లో రేడియో చిప్ ఉన్న కార్డులను తప్పనిసరి చేసింది. అక్కడ హాజరును బట్టే ప్రభుత్వ నిధులు వస్తాయి గనుక, బడి ఆవరణలో ఉండి కూడా లెక్కలోకి రాని పిల్లలను పట్టుకోవాలన్నది ఉద్దేశం. నిరసనలు, కోర్టు వ్యవహారం నడిచాయి. ఆశించినంతగా హాజరు పెరగకపోవడంతో 2013లో ఆ కార్డులను మానుకున్నారు. స్వీడన్‌లోని షెలెఫ్టియో పట్టణంలో ఒక పాఠశాల 22 మంది విద్యార్థులపై మూడు వారాలు ముఖ గుర్తింపు హాజరు ప్రయోగించినందుకు 2019లో అక్కడి సమాచార రక్షణ సంస్థ 2 లక్షల క్రోనార్ల జరిమానా విధించింది. సమ్మతి తీసుకున్నామన్న వాదనను అంగీకరించలేదు. బడి అడిగితే కాదనగల స్థితిలో విద్యార్థి ఉండడని ఆ సంస్థ భావించింది.

మన దేశంలో 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు, బడిలో చేర్చుకోవడానికి ఆధార్‌ను తప్పనిసరి చేయరాదని పేర్కొంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని బాలలుగానే పరిగణించి, వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి ప్రాధాన్యమిచ్చింది.

ఈ కోణంలో చూస్తే ముఖం, వేలిముద్రల కంటే బార్‌కోడ్ మేలు. కార్డు పోతే సంఖ్య మార్చి కొత్త కార్డు ఇవ్వవచ్చు. వేలిముద్ర బయటకు పొక్కితే కొత్త వేలు ఇవ్వలేం. కార్డు మీద బడి ఇచ్చిన వరుస సంఖ్య తప్ప మరేదీ ఉండకపోతే అది దొరికినవాడికి ఉపయోగపడదు. అదే గీతల్లో ఆధార్ సంఖ్య, ఫోను నంబరు, కులం, చిరునామా వంటివి నింపితే చౌకైన కార్డే పెద్ద ముప్పవుతుంది. మత్స్యకారులకు ఇది తెలియని విషయం కాదు. 2008 ముంబయి దాడుల తర్వాత సముద్రంలోకి వెళ్లేవారికి బయోమెట్రిక్ గుర్తింపు కార్డులిచ్చే కార్యక్రమం చేపట్టారు. నడి సముద్రంలో తనిఖీ వేళ కార్డు లేని తండ్రి పడే యాతన చూసిన ఇంటికి, బడి గేటు దగ్గర కార్డు లేని బిడ్డ పరిస్థితి ఊహించడం కష్టం కాదు.

చేయదగినదేమిటి?

యంత్రాన్ని వెలివేయనక్కరలేదు. వందల మంది చదివే ఉన్నత పాఠశాలలు, జూనియర్ కళాశాలలు, గ్రంథాలయాలు, వసతి గృహాల్లో అది ఉపకరిస్తుంది. పాతిక ముప్పై మంది ఉండే పాళెం ప్రాథమిక బడికి మాత్రం దాని అవసరం లేదు. ఎక్కడ పెట్టినా కొన్ని షరతులు ముందే రాసుకోవడం శ్రేయస్కరం.

* కార్డు లెక్క సహాయానికే పరిమితం కావాలి. తరగతిలో ఉపాధ్యాయుడు తలలు లెక్కించి, తేడా ఉంటే అదే రోజు సరిదిద్ది సంతకం చేసే వీలుండాలి. వివాదం వస్తే ఆ సంతకమే చెల్లాలి.

* కార్డు మరచిన, పోగొట్టుకున్న విద్యార్థిని గేటు బయట నిలబెట్టరాదు, జరిమానా వేయరాదు, భోజనం ఆపరాదు.

* ప్రతి నెలా హాజరు శాతాన్ని తల్లిదండ్రులకు చదివి వినిపించాలి. చదవడం రాని తల్లికి ఫోనులో వచ్చే సందేశం చాలదు. శాతం 80కి దిగిన వెంటనే హెచ్చరిస్తే 75కు జారకముందే పొరపాటు బయటపడుతుంది, నిజంగా మానేస్తున్న బిడ్డా కంటపడతాడు.

* వరుసగా 3 రోజులు రాని పిల్లల పేర్లు నాలుగో రోజు ఉదయానికి సంక్షేమ విద్యా సహాయకుడికి చేరాలి. ఇంటికి వెళ్లి తెలుసుకున్న కారణాన్ని ఆ పేరు ఎదుట రాయాలి. వలస వెళ్లిన కుటుంబమైతే వెళ్లిన ఊరి బడికి సమాచారం అందాలి.

* యంత్రం వచ్చిన రోజే పాత నమూనాల్లో కొన్నింటినైనా రద్దు చేయాలి. ఏవి రద్దయ్యాయో ఉత్తర్వులో పేర్కొనాలి.

* హాజరు సమాచారం ఏ సంస్థ కంప్యూటర్లలో ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది బడి గోడమీద తెలుగులో రాసి పెట్టాలి.

* పిల్లలుండే ఏ గది తలుపూ కార్డు మీద ఆధారపడరాదు.

ఈ షరతులకు పెద్దగా డబ్బు ఖర్చు కాదు. కావలసింది బాధ్యత ఎవరిదో తేల్చే సంకల్పం. యంత్రాలు కొనడం తేలిక, బిల్లు చెల్లిస్తే వస్తాయి. గుంట గట్టు మీది గుడిసె దాకా నడిచి ‘బిడ్డను ఎందుకు పంపడం లేదమ్మా?’ అని అడిగే మనిషి మాత్రం బిల్లు చెల్లిస్తే రాడు. ఆ మనిషి చేతికి సరైన జాబితా అందించడానికి బార్‌కోడ్ ఉపయోగపడితే దాన్ని స్వాగతించవచ్చు. ఆ మనిషి అవసరమే లేదనిపించడానికి వాడితే మాత్రం నివేదికల్లో హాజరు నూటికి నూరు పలుకుతుంది, తరగతిలో బల్లలు ఖాళీగా ఉంటాయి. ఏ పరికరం కొనాలన్న నిర్ణయానికి ముందే అధికారులు ఈ రెండింటిలో ఏది తమకు కావాలో తేల్చుకోవాలి.